మాస్టారి సీటు

మా ఇంట్లో రైలు నడిపేవాడు ఉన్నాడు గానీ కారు నడిపే మగాడు లేడు. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వరా మరి! తండ్రి చూస్తే ఊళ్ళో సగం మంది చేత స్టీరింగు పట్టించిన డ్రైవింగ్ మాస్టారు. కన్నకొడుకేమో గూడ్సు బండి డ్రైవరు. కనుచూపు మేర పెట్టెలున్న రైలును కునుకు తీయకుండా లాక్కొస్తాడు, ఇంటి పక్కన ఉన్న కారును మాత్రం గేటు దాటించలేడు. ఎందుకలా అయిందో చెబుతాను. ముందు కారు సంగతి చెప్పనివ్వండి.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కారు అప్పటినుంచీ రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. అది అందరి కార్లలాంటిది కాదు, నేర్పే కారు. నడిపేవాడి కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళుంటే, పక్క సీటు ముందు ఇంకో రెండు ఉండేవి. ఒకటి బ్రేకు, ఒకటి క్లచ్. నేర్చుకునేవాడు తడబడితే మాస్టారు తన వైపు నుంచి తొక్కేవారు, అటు పక్క పెడలు కూడా దానంతట అదే నేలకి దిగిపోయేది. తన బండి ఎక్కినవాళ్ళకి ఆయన మొదటిరోజే రెండు మాటలు చెప్పేవారు. "ముందు ఆగడం నేర్చుకో, కదలడం తర్వాత" అనేది ఒకటి. "కళ్ళు రోడ్డు మీద ఉండాలి, నా కాళ్ళ మీద కాదు" అనేది రెండోది. మాస్టారి కాళ్ళ వైపు చూశాడా, ఆ పూటకి వాడు దిగి నడిచి వెళ్ళాల్సిందే. నా కాళ్ళని చూసేవాడు నా కాళ్ళనే నమ్ముకుంటాడు, వాడి కాళ్ళకి పని ఎప్పుడొస్తుంది అనేవారు.

ఆ వానాకాలం ఆయనకి దగ్గు పట్టుకుంది. ఆస్పత్రిలో చేరే ముందురోజు పొద్దుపోయేదాకా షెడ్డులోనే ఉన్నారు. "తడి కాలం కదా, బండిని పడుకోబెట్టి వస్తాను" అన్నారు, చంటిపిల్లని జోకొట్టి వస్తానన్నట్టు. బండిని పడుకోబెట్టారు, ఆయన మళ్ళీ రాలేదు. ఆ గొడవలోనే నా పిండి వత్తే కర్ర కూడా కనబడకుండా పోయింది. మనిషి పోయిన ఇంట్లో కర్ర ఏదని అడిగితే ఏం బాగుంటుందని ఊరుకుని, సీసాతో వత్తుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఆయన సీటు మీద నేనొక దుప్పటి కప్పాను. నేల దాకా కప్పి, అంచులు లోపలికి దోపాను. కూర్చుని కూర్చుని అక్కడ గుంట పడింది, అది చూడలేక. ఆ వైపు తలుపు తీయవద్దని అందరికీ చెప్పాను. ఎవరూ తీయలేదు.

ఇక కోడలి సంగతి. నా కోడలు బేకరీలో పని చేస్తుంది. కేకుల మీద పూలు వేసే పనితో మొదలుపెట్టి, బ్రెడ్డు పొయ్యి దాకా వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడడం అంటే ఆ పిల్లకి ప్రాణం. పిండి పొంగిందా లేదా అన్నది చూడకుండా, వేలితో నొక్కి చెబుతుంది. వాళ్ళ యజమాని ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన కొత్త బేకరీ కట్టి, "అక్కడి పొయ్యి నీ చేతుల్లో పెడతానమ్మా, అయితే తెల్లవారేసరికి మొదటి వాయి బయటికి రావాలి" అన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి బస్సు బయల్దేరేసరికి తెల్లగా తెల్లారిపోతుంది. చీకట్లో లారీలు తిరిగే రోడ్డు మీద స్కూటరు వద్దన్నది నేనే. "సోమవారం నుంచి రాగలిగితే చెప్పు, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను" అన్నాడు యజమాని. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, బ్రెడ్డు బస్సు కోసం ఆగదు కదా.

ఆ రాత్రి కోడలు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగింది.

"అత్తయ్యా, మామయ్యగారి కారు బాగు చేయిద్దామా?"

మా ఆయన ఆఖరి శిష్యురాలు ఈ పిల్లే. ఆయన దగ్గరే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామా కోడళ్ళు బండి తీసుకుపోతే వీధిలో వాళ్ళు కిటికీల్లోంచి చూసేవారు.

నేను మాట్లాడేలోపే మా అబ్బాయి అన్నాడు. "అది కదలదు."

"చూడకుండానే ఎలా చెబుతారండీ?"

"ఇన్నేళ్ళు నిలబెట్టిన ఇంజను కదలదు. ఇంజన్ల సంగతి నాకు తెలియదా?"

"మీ ఇంజనుకి స్టీరింగే లేదు, మీకేం తెలుస్తుంది?" అంది కోడలు.

వాడు నవ్వలేదు. కంచం తీసుకుని లేచిపోయాడు. కారు మాట వస్తే వాడంతే. దానికి కారణం నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు.

వాడికి మీసాలు వచ్చే వయసులో వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఊరందరి పిల్లల దగ్గర నిదానంగా ఉండే మనిషికి కన్నకొడుకు దగ్గర మాత్రం కాలు నిలిచేది కాదు. వాడు మలుపు తిప్పితే బ్రేకు, ఆవు ఎక్కడో దూరాన కనబడితే బ్రేకు. ఒకరోజు చీకటి పడే వేళ వీధి చివర గోడ దాకా పోనిచ్చాడు వీడు. ఆయన తొక్కేశారు. "ఇంకా జానెడుంది! నేనే ఆపేవాణ్ణి!" అని అరిచి, తలుపు ధడేల్మని వేసి దిగి నడిచి వచ్చేశాడు. ఆయన వెనకాలే బండిని నత్తలా నడుపుకుంటూ, వాడి అడుగులకి లైటు వేస్తూ ఇంటి దాకా వచ్చారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడు మామూలుగానే మాట్లాడుకున్నారు గానీ కారు గురించి మాత్రం జన్మలో మళ్ళీ మాట్లాడుకోలేదు. వాడు వెళ్ళి రైల్లో చేరాడు. అక్కడ పక్కన కూర్చుని బ్రేకు తొక్కే నాన్నలుండరు కదా!

సరే, కోడలు మొండిది. మర్నాడే వెళ్ళి రివర్సును పిలుచుకొచ్చింది.

రివర్సు అంటే మనిషే. మా ఆయన శిష్యుల్లో అందరికంటే పేరు మోసినవాడు. లైసెన్సు పరీక్ష రోజున ముందు గేరు అనుకుని వెనక గేరు వేసి, పరీక్ష పెట్టే ఆఫీసరు కూర్చున్న బల్లను గోడ దాకా నెట్టుకుపోయాడు. ఆఫీసరు సంతకం పెట్టే కలం పట్టుకుని బల్లతోపాటే వెళ్ళాడట. ఆ రోజునుంచి రివర్సు అనే పేరు స్థిరపడింది. కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఇప్పుడు మెకానిక్కు షాపు పెట్టుకున్నాడు. దాని బోర్డు మీద కూడా అదే పేరు.

షెడ్డు తలుపు తీయగానే రివర్సు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

"ఇదేమన్నా గుడా, బాబూ?" అన్నాను.

"మాస్టారి బండి అమ్మగారూ. మట్టికాళ్ళతో ఎక్కితే దింపేసేవారు. ఇప్పటికీ భయమే."

బానెట్టు ఎత్తితే గాలి పీల్చే డబ్బాలో ఎలుక కాపురం పెట్టి ఉంది. సీటు స్పాంజి, కాగితం ముక్కలు, ఎప్పటిదో రిబ్బను పోగు చేసుకుని పరుపు వేసుకుంది.

"కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనన్నమాట" అంది కోడలు, ముక్కు మూసుకుని.

"ఇంకా తవ్వలేదు చెల్లెమ్మా. ఇది కొండ గుమ్మమే" అన్నాడు రివర్సు.

నిజంగానే తవ్వారు. పెట్రోలు ట్యాంకు విప్పితే ఎండిపోయిన రంగు డబ్బా వాసన కొట్టింది. అది వంపేసి కడిగారు. ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో నూనె చుక్కలు వేసి, ఒక పూటంతా నాననిచ్చారు. పాత తాళానికి నూనె పోసి నానబెట్టడం లేదూ, అలాగే. తర్వాత పెద్ద పానా తగిలించి ఇంజనును చేత్తో తిప్పాడు రివర్సు. మెడ నరాలు తేలాయి గానీ అది కదల్లేదు. కోడలు కూడా వెళ్ళి పట్టింది. బేకరీలో బస్తాలు ఎత్తే చేతులు అవి. ఇద్దరూ కలిసి ఊపితే ఇంజను నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు కొంచెం తిరిగింది.

"కదిలింది అత్తయ్యా!" అని వచ్చి నూనె చేతులతో నన్ను పట్టేసుకుంది. ఆ చీర ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ మరకలు పోలేదు, పోగొట్టనూ లేదు.

కదిలింది కదా, స్టార్టు చేయండి అన్నాను. రివర్సు తల అడ్డంగా ఊపాడు. "ముందు ఆగాలి అమ్మగారూ, కదలడం తర్వాత. మాస్టారు వింటుంటారు." చక్రాలన్నీ విప్పి, తుప్పుతో పట్టేసిన బ్రేకులను సుత్తితో కొట్టి వదులు చేసి, కొత్త బ్రేకు నూనె పోసి, తొక్కి తొక్కి చూసిన తర్వాతే మిగతా పనికి దిగాడు.

ఒక్కటే అతనికి అంతుచిక్కలేదు. నడిపేవాడి వైపు క్లచ్ పెడలు నేలకి అంటుకుని పడి ఉంది. లాగితే పైకి రాదు. "కేబులు పట్టేసి ఉంటుంది, నూనె పోస్తే వదులుతుందిలే" అని పోశాడు. వదల్లేదు. బండి కిందికి దూరి చూశాడు, కేబులు శుభ్రంగానే ఉందన్నాడు.

శనివారం మధ్యాహ్నం తన షాపునుంచి బ్యాటరీ తెచ్చి బిగించాడు. కోడలు కూర్చుని సెల్ఫ్ కొట్టింది. కుర్ర్ కుర్ర్ మని దగ్గి ఊరుకుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ దగ్గు. రివర్సు ఏదో స్క్రూ తిప్పి, ఏదో గొట్టంలో నోటితో ఊది, "కానీ చెల్లెమ్మా" అన్నాడు. ఈసారి దగ్గు ఆగకుండా నవ్వులోకి తిరిగినట్టు, నల్లటి పొగ ఒక్కసారి వదిలి, బండి లేచింది. షెడ్డు రేకులు గలగలలాడాయి. వంటింట్లో ఉంటే రోజూ వినబడే చప్పుడు అది. ఆ చప్పుడు రాగానే నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని. మీరు నమ్మండి, నమ్మకపొండి, నా కాళ్ళు వంటింటి వైపు రెండు అడుగులు వేసేశాయి.

ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు. కోడలు గేరు వేసింది, యాక్సిలరేటరు తొక్కింది. ఇంజను అరిచింది గానీ చక్రం తిరగలేదు. ఇంకా తొక్కింది. అరుపే తప్ప అడుగు పడలేదు.

రివర్సు మళ్ళీ బండి కిందికి దూరి, చాలాసేపటికి వచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. "క్లచ్ లోపల బేరింగు పట్టేసినట్టుంది. గేరుబాక్సు దించాలి. ఈ మోడలుకి సామాను వెతకాలంటే... వచ్చే నెలకి అవుతుంది."

"సోమవారానికి కాదా అన్నయ్యా?"

"చెల్లెమ్మా, నాకు చేతకాకపోతే చేతకాదని చెప్పడమే మర్యాద."

కోడలు ఇంజను ఆపలేదు, గేరూ తీయలేదు, అలాగే కూర్చుని ముందు అద్దంలోంచి గేటు వైపు చూస్తోంది. మొన్ననే కొత్త ఏప్రను కొనుక్కుని ఇస్త్రీ చేసి పెట్టుకుంది పిల్ల. ఏదో సర్దుతున్నట్టు షెడ్డులో అటూ ఇటూ తిరిగాను.

అప్పుడు వచ్చాడు మా అబ్బాయి, డ్యూటీ దిగి, క్యారేజీ చేత్తో పట్టుకుని. వీధి మలుపు దగ్గరే వినబడిందట ఆ చప్పుడు. గేటు దగ్గర ఆగిపోయాడు. "నాన్న వచ్చాడనుకున్నానమ్మా" అన్నాడు నెమ్మదిగా. వాడి మొహం చూసి రివర్సు జరిగిందంతా చెప్పాడు. వాడు విన్నాడు. "నేను చెప్పలేదా" అంటాడేమో అనుకున్నాను. అనలేదు. క్యారేజీ కింద పెట్టాడు. పెళ్ళాం దగ్గరికి వెళ్ళి కిటికీలోంచి ఏదో అన్నాడు, ఇంజను మోతలో వినబడలేదు. ఆ పిల్ల తల తిప్పుకుంది. వాడు బండి ముందునుంచి చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూశాడు.

"అమ్మా, ఆ దుప్పటి తీస్తావా? నీ కోడలి పక్కన కాసేపు కూర్చుంటాను."

కొడుకు నన్నేమీ పెద్దగా అడగడు. దుప్పటిని సీటు మీంచి మాత్రం పక్కకి తొలగించాను, కింద దోపిన అంచు అలాగే ఉంది. గుంట ఇంకా ఉంది. వాడు అందులో కూర్చున్నాడు. సరిగ్గా సరిపోయాడు.

కాళ్ళు చాపుకోబోయి, "ఇదేంటి, ఏదో అడ్డం ఉంది" అన్నాడు. వంగి దుప్పటి అంచు లాగాడు. "కర్ర... ఎవరో బిగించారు" అంటూ చేత్తో గట్టిగా ఊడలాగాడు.

అంతే! బండి లేడిలా ఎగిరింది. షెడ్డులోంచి బయటపడి, తీగ మీద ఆరేసిన దుప్పట్లను నెత్తిన వేసుకుని, కళ్ళకు గంతలు కట్టుకున్న దున్నలా గేటు స్తంభం మీదికి ఉరికింది. రివర్సు "బ్రేకు! బ్రేకు!" అని కేకలేస్తూ పరిగెత్తాడు. నేను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. కీచుమని అరుపు, ఒక్క కుదుపు. బండి ఆగిపోయింది. ఇంజను కూడా ఆగిపోయింది.

పరిగెత్తి వెళ్ళి దుప్పటి లాగాను. స్తంభానికి, బండి ముక్కుకి మధ్య నా చెయ్యి పట్టేంత చోటుంది. లోపల మొగుడూ పెళ్ళాం కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు. మా అబ్బాయి కాలు నాన్న వైపు బ్రేకు మీద తన్నిపెట్టి ఉంది.

ముందు తేరుకున్నది కోడలే. మొగుడి వైపు తిరిగి గయ్యిమంది.

"మీరెందుకు తొక్కారు? ఇంకా జానెడుంది! నేనే ఆపేదాన్ని!"

వాడు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. తన కాలి వైపు చూసుకున్నాడు. కాలు ఇంకా తీయలేదు.

"నేను తొక్కలేదే," అన్నాడు, "కాలే తొక్కింది."

ఆ మాట అని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం అయిపోయాక కూడా ఇంకొంచెం సేపు తుడుచుకున్నాడు. "అమ్మా, నాన్న కూడా కావాలని తొక్కేవాడు కాదేమోనే" అన్నాడు. తల ఊపాను.

ఇంతలో రివర్సు వాడి చేతిలోది లాక్కుని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది అమ్మగారూ! బండిని తడి కాలంలో ఎక్కువ రోజులు నిలబెడితే క్లచ్ ప్లేటు తుప్పుతో లోపల అంటుకుపోతుంది. అంటుకోకుండా ఉండాలని మాస్టారు తన వైపు క్లచ్ తొక్కిపట్టి, సీటుకీ పెడలుకీ మధ్య కర్ర బిగించి వెళ్ళారు. అందుకే ఇటు పెడలు నేలకి దిగిపోయి ఉంది! లోపల ఏమీ చెడలేదు. మేం పైపై దుమ్ము తుడిచాం అంతే, అసలు ప్రాణం ఆయన కాపాడి ఉంచారు."

"మరి అటువైపు చూడలేదేం అన్నయ్యా?" అంది కోడలు.

రివర్సు బుర్ర గోక్కున్నాడు. "మాస్టారి కాళ్ళ వైపు చూడకూడదు కదమ్మా. అలవాటైపోయింది."

"నేనూ అంతే. ఆ వైపు తల కూడా తిప్పలేదు" అంది కోడలు. మాస్టారి శిష్యులు ఎంత క్రమశిక్షణ గలవాళ్ళో చూడండి, ఆయన పోయినా ఆయన కాళ్ళ వైపు చూడలేదు!

నేను వాళ్ళ మాటలు సగమే వింటున్నాను. నా కళ్ళు రివర్సు చేతిలో ఉన్న కర్ర మీదున్నాయి. నున్నగా, రెండు చివరలా పిడులతో, మధ్యలో కొంచెం పొట్ట.

"ఆ కర్ర ఇటు తే" అన్నాను.

"ఇది బండిదమ్మగారూ."

"బండిది కాదు, నాది! నా పిండి కర్ర! ఏళ్ళ తరబడి సీసాతో వత్తుకుంటున్నాను నాయనా! చెప్పకుండా తీసుకుపోయి కారుకి పెట్టాడు ఆ మహానుభావుడు. అడిగితే ఇవ్వనా?"

"అడిగితే ఇచ్చేదానివా?" అన్నాడు మా అబ్బాయి.

కొంచెం ఆలోచించాను. "ఇచ్చేదాన్ని కాదు" అన్నాను. ఆ సాయంత్రం నేను నవ్వినంతగా ఆయన పోయాక ఎప్పుడూ నవ్వలేదు.

సోమవారం చీకటితోనే బండి తీసింది కోడలు. మొదటిరోజు కదా, మా అబ్బాయి పక్క సీట్లో కూర్చుని వెళ్ళాడు. తిరిగి మొదటి బస్సులో వచ్చాడు, ఒళ్ళో వేడివేడి బ్రెడ్డు పెట్టుకుని. వచ్చి బల్ల మీద పెట్టి, "దారిలో నాలుగుసార్లు కాలు లేచిందమ్మా, తొక్కకుండా పట్టుకున్నాను" అన్నాడు, ఏదో పరీక్ష పాసైనవాడిలా. బ్రెడ్డు అడుగు కొంచెం మాడింది. కొత్త పొయ్యి కదా, ఆ పిల్లకి చెయ్యి కుదరాలి. కుదురుతుంది.

కర్ర కడిగి వంటింట్లో పెట్టుకున్నాను. ఒక పిడి మీద పెడలు రబ్బరు పళ్ళు దిగిన గుర్తులున్నాయి. పిండి వత్తేటప్పుడు అరచేతికి తగులుతుంటాయి.

ఇప్పుడు సెలవు దొరికిన సాయంత్రాలు మా అబ్బాయి నడిపేవాడి వైపు కూర్చుంటున్నాడు. కోడలు మాస్టారి సీట్లో. వెనక సీట్లో నేను. ఎందుకంటే ఈ వేడుక చూడకుండా ఇంట్లో కూర్చోలేను. మొన్న వీధి చివర ఆ గోడ దాకా వచ్చాడు. నిదానంగానే వచ్చాడు, రైలు స్టేషనులోకి వచ్చినట్టు. కోడలు టక్కున తొక్కేసింది.

వాడు తలుపు తీసి దిగాడు. మళ్ళీ నడిచి ఇంటికి పోతాడు కాబోలు అనుకున్నాను. వాడు బండి ముందుకి వెళ్ళి, గోడ దగ్గర వంగి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచాడు, చోటు చాలక నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు. నెమ్మదిగానే వేశాడు.

"ఎంతుంది?" అంది కోడలు.

"జానెడు లేదు," అన్నాడు వాడు. "బెత్తెడుంది. ఏదీ, వెనక గేరు ఎలా వెయ్యాలో చెప్పు."